ఎడమ స్పీకరే ఎందుకు

ప్రశ్నమ్మ కంట్రోల్ రూమ్ తలుపు తోసేసరికి లోపల ఆమె బావ ఒక అమ్మాయి చెవుల్ని విచారిస్తున్నాడు.

అమ్మాయిని కాదు, చెవుల్నే. సెల్‌ఫోన్‌లోంచి సన్నటి కూతలు పుట్టిస్తూ, వినపడ్డప్పుడల్లా వేలెత్తమంటున్నాడు. ఆ అమ్మాయి కుర్చీలో నిటారుగా కూర్చుని, కళ్ళు గట్టిగా మూసుకుని, ఒక్కో కూతకీ వేలెత్తుతోంది. గోడకి ఆనుకుని నిలబడ్డ ఆమె తండ్రి, ఆ స్టూడియో యజమాని, వేలు లేచిన ప్రతిసారీ ఊపిరి వదులుతున్నాడు.

"ఏం బావా, బీమా కంపెనీ వాళ్ళు మిమ్మల్ని చెవుల డాక్టరు కింద మార్చారా?" అంది ప్రశ్నమ్మ, చెప్పులు మూలకి తోస్తూ.

బావ తల తిప్పలేదు. "వచ్చావా మరదలా. సాయంత్రం దాకా ఆగుంటే రిపోర్టు చదువుకుని వెళ్ళిపోయేదానివి. నీకు శ్రమా తప్పేది, నాకు తలనొప్పీ తప్పేది."

ఆయన బీమా కంపెనీలో పరిశోధకుడు. ఆమె ప్రైవేట్ డిటెక్టివ్. ఆమె అక్కని ఆయన పెళ్ళాడిన నాటి నుంచీ ఒకరినొకరు ఏడిపించుకోవడం ఇంట్లో మామూలే. ఒకే కేసులో చెరో వైపు దిగినప్పుడు ఆ మామూలుకి పదునెక్కుతుంది. ఆమెకి అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది. అడిగిందే తిప్పి తిప్పి అడుగుతుందని ఆయనే మొదట ప్రశ్నమ్మ అని వెక్కిరించాడు. ఆమె ఉడుక్కోకుండా ఆఫీసు తలుపు మీద అదే పేరు రాయించుకుంది. ఆ దెబ్బకి ఆయన వారం రోజులు వాళ్ళింట్లో కాఫీ తాగలేదు.

కేసు చూడ్డానికి చిన్నదే. ఆ స్టూడియోలో ఒక పాత మైకు ఉండేది. యజమాని తండ్రి కొన్నది. అందులో ఒక్క పాటైనా పాడాలని గాయకులు చెవి కోసుకునేవారు. రెండు వారాల కిందట అది తాళం వేసిన అలమారలోంచి మాయమైంది. గేటు దగ్గర కాపలావాడు వెళ్ళే ప్రతి సంచీ విప్పించి చూస్తాడు కాబట్టి మైకు గేటు దాటలేదు. లోపల అంగుళం అంగుళం వెతికారు, లోపలా లేదు. అలమారకి తాళంచెవులు రెండు. ఒకటి తండ్రిది. ఆయన ఆ వారం ఊళ్ళో లేడు. రెండోది కూతురిది. బావ అక్కడితో ఆలోచించడం ఆపేశాడు.

ఇంకో సంగతి ఆయనకి బాగా కలిసొచ్చింది. ఆ అమ్మాయి పాటలకి మిక్సింగ్ చేస్తుంది. అంటే పాడిన గొంతునీ వాయించిన వాద్యాలనీ ఎంతెంత పాళ్ళలో కలపాలో తేల్చే పని. మైకు పోయిన వారం నుంచే ఆమె చేసిన పాటలు వరసగా వెనక్కి రావడం మొదలైంది. బేస్, అంటే పాట అడుగున మోగే బరువైన శబ్దం, మరీ ఎక్కువైపోయి, కారులో పెడితే అద్దాలు అదురుతున్నాయట. ఒక సినిమా నిర్మాత అయితే, రేపు పొద్దున ఇచ్చే పాట కూడా ఇలాగే ఉంటే సినిమా మొత్తం ఇంకో స్టూడియోకి ఇచ్చేస్తానని చెప్పేశాడు. అమ్మాయేమో ఈ గదిలో తనకి బేస్ వినపడటమే లేదనీ, వినపడక పెంచుకుంటూ పోయాననీ అంటుంది.

ఈ రెండింటినీ కలిపి బావ ఒక కథ అల్లాడు. అమ్మాయి చెవులు దెబ్బతిన్నాయి. పని పోతుందని ముందే తెలిసింది. పోయేలోగా చేతికందినంత వెనకేసుకుందామని మైకు దాచేసింది. సాయంత్రం రిపోర్టు పంపితే బీమా సొమ్ము ఆగిపోతుంది, పోలీసులు దిగుతారు.

నిన్న ప్రశ్నమ్మకి ఫోన్ చేసినప్పుడు ఆ అమ్మాయి మైకు మాటే ఎత్తలేదు. దొంగతనం అంటగట్టారని ఏడవనూ లేదు. చాలాసేపు నీళ్ళు నమిలి, చివరికి ఒక్కటే అడిగింది.

"నా చెవులు నిజంగా పోయాయా మేడం? అదొక్కటి తేల్చండి. మిగతాది ఏమన్నా పడతాను."

ఆ మాటతోనే ప్రశ్నమ్మ ఈ కేసు ఒప్పుకుంది.

"అన్నీ వినపడ్డాయిగా బావా," అందిప్పుడు.

"కీచుగొంతులన్నీ వినపడ్డాయి. కింది శబ్దాల్లోనే ఉంది తిరకాసు. ఇందాక బేస్ పెడితే ఒక్కటీ వినపడలేదు, రాసుకున్నాను."

కుర్చీలోంచి అమ్మాయి నెమ్మదిగా, ఆ ఫోన్‌లోంచి బేస్ రాదనీ, అంత చిన్న స్పీకర్‌కి అది పుట్టించే శక్తి ఉండదనీ చెప్పింది. బావ ఫోన్ వంక చూసి, వినపడనట్టు జేబులో వేసుకున్నాడు. ప్రశ్నమ్మ నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు తిరగబోయింది కానీ ఆ గదికి కిటికీ లేదు.

గది చిన్నది. గోడలకి శబ్దం పీల్చే మెత్తటి పలకలు. ముందు గోడలో పెద్ద అద్దం, అద్దం అవతల పాడే గది. అద్దానికి అటూ ఇటూ స్టాండ్ల మీద రెండు నల్లటి మానిటర్ స్పీకర్లు, ఒక్కోటీ చిన్న బీరువా అంత. ఒక్కో దాంట్లో శబ్దం పుట్టించే గరాటుల్లాంటి కోన్లు మూడు. పైన రెండు చిన్నవి, అడుగున బేస్ కోసం పళ్ళెమంత పెద్దది. రెండు స్పీకర్లకీ సరిగ్గా ఎదురుగా మధ్యలో అమ్మాయి కుర్చీ. దాని చక్రాల చుట్టూ నేల మీద తెల్ల టేపు అంటించి ఉంది. వెనక గోడ పొడవునా సోఫా.

ఈ స్పీకర్లని ఇవాళే మార్చేస్తున్నామని తండ్రి చెప్పాడు. ముసలివైపోయాయి, బేస్ చచ్చిపోయింది, కొత్తవి మూడు జతలు వచ్చాయి, సేల్స్‌మన్ వ్యాన్‌లోంచి దింపిస్తున్నాడు. కింది శబ్దం బాగా పలికే జత ఏదో తేల్చుకుని, రాత్రికి పాట సరిచేసి, పొద్దున నిర్మాత మొహాన కొట్టాలి. కూతురి చెవులు పోయాయని ఆయన నమ్మడు. స్పీకర్లు పోయాయని నమ్ముతున్నాడు. అలా నమ్మడం ఆయనకి తేలిక.

"పోయినవి ఎలా పోయాయో ఒకసారి వినిపించమ్మా," అంది ప్రశ్నమ్మ.

ఆమెకి కూర్చోమని చెప్పినవాళ్ళు లేరు. సోఫా మధ్యలో బావ కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. ఆమె వెళ్ళి సోఫా చివర, గోడ మూలకి, సోఫా చేతి మీద కూర్చుంది. అమ్మాయి పాట పెట్టింది.

పాట హుషారుగా ఉంది. గొంతు బాగుంది. పది క్షణాలకి అమ్మాయి తల అడ్డంగా ఊపింది. "విన్నారా? అడుగున ఏమీ లేదు. బేస్ గిటార్ ఎవరో ఎత్తుకుపోయినట్టుంది."

బావ కూడా అవునన్నాడు. తండ్రి కూతురి కుర్చీ వెనకే నిలబడి అవునన్నాడు.

ప్రశ్నమ్మ అవుననలేదు. ఆమె కూర్చున్న సోఫా చెయ్యి కింద సన్నగా అదురుతోంది. బేస్ గిటార్ ఆమెకి శుభ్రంగా వినపడుతోంది. ఒక్కో మీటూ విడివిడిగా, గుండ్రంగా, హాయిగా.

"అమ్మాయ్, ఒకసారి ఇలా వచ్చి నా పక్కన కూర్చో."

"వద్దు మేడం. అక్కడి నుంచి వింటే లెక్కలోకి రాదు. వినాల్సింది ఇక్కడే."

"లెక్కలోకి రాకపోతే మానె. నాకు తోడుగా రా."

అమ్మాయి తండ్రి వంక చూసింది. ఆ ఇంటి సంగీతానికి ఆ కుర్చీయే కోర్టు. మాట వచ్చిన నాటి నుంచీ ఆయన కూతురికి చెవిన ఇల్లు కట్టుకుని చెప్పింది రెండే. మిక్సింగ్ తీర్పు టేపు దాటి ఇవ్వకూడదు, హెడ్‌ఫోన్లో వినపడే బేస్‌ని నమ్మకూడదు. ఆయన చెప్పింది తప్పేం కాదు. ఆ వ్యాపారంలో అందరూ అంతే. ఈ రెండు వారాలూ ఆ అమ్మాయి బేస్ కోసం గది నాలుగు మూలలా వెతకలేదు. ఆ టేపు మధ్యలో కూర్చుని తన చెవుల్లోనే వెతుక్కుంది.

లేచి వచ్చి ప్రశ్నమ్మ పక్కన కూర్చుంది. కూర్చున్న మనిషి కూర్చున్నట్టే లేచి నిలబడింది.

"నాన్నా, ఇక్కడుంది."

తర్వాత కాసేపు ఆ గదిలో పెద్దవాళ్ళెవరూ పెద్దవాళ్ళలా ప్రవర్తించలేదు. తండ్రి ఎడమ గోడకి పరిగెత్తి, "ఇక్కడా ఉంది" అన్నాడు. బావ సోఫా మధ్యలోంచి ఒక చివరికి జరిగాడు. కనుబొమలు పైకి లేచాయి. మళ్ళీ మధ్యలోకి జరిగాడు, కిందికి దిగాయి. అమ్మాయి కుర్చీని టేపు దాటించి ఎడమకి తోసుకుంటూ పోయింది. మూరెడు జరిగేసరికి బేస్ తిరిగొచ్చింది. వెనక్కి జరిగితే మళ్ళీ మాయం. మూడుసార్లు అటూ ఇటూ జరిగి, నాలుగోసారి కుర్చీలో గిర్రున తిరిగి పగలబడి నవ్వింది.

ప్రశ్నమ్మ ఆ నవ్వు ఆగేదాకా ఆగింది.

"నాకు ఈ విద్య తెలియదు. ఒక్క మాట చెప్పు. ఈ రెండూ ఒకే వైపు తోస్తున్నాయా?"

అమ్మాయి నవ్వు మొహం మీదే నిలిచిపోయింది. తనే వివరించింది. రెండు స్పీకర్ల కోన్లూ కలిసి ముందుకొచ్చి, కలిసి వెనక్కి వెళ్ళాలి. ఒకటి గాలిని ముందుకి తోస్తున్నప్పుడు రెండోది వెనక్కి లాగితే, సరిగ్గా మధ్యలో కూర్చున్నవాళ్ళకి రెండు వైపుల కింది శబ్దమూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని మాయమవుతుంది. ఒకే తలుపుని ఇద్దరు చెరో పక్క నుంచి తోస్తే తలుపు కదలనట్టు. వెనక వైర్లు తారుమారైతే అలా జరుగుతుంది. కానీ వైర్లు తను ఒకటికి రెండుసార్లు చూసింది. ఎర్రది ఎర్రదానికే ఉంది, నల్లది నల్లదానికే ఉంది. పైగా వైర్లే మారితే గొంతు కూడా పల్చబడి గది అంతా చెదిరిపోవాలి. గొంతు మాత్రం మధ్యలోనే బాగుంది. సరిగ్గా అప్పుడే ఆమెకి జలుబు చేసింది. చెవులే మూసుకుపోయాయనుకుంది. జలుబు తగ్గాక, ఇక తెరుచుకోవనుకుంది.

"బయట వైర్లు సరే. లోపల?"

అమ్మాయి చూపు స్పీకర్ పెట్టెల మీదికి తిరిగింది.

"బావా, మీ టార్చి ఒకసారి ఇప్పించండి."

ఆ టార్చి అంటే బావకి ప్రాణం. పట్టపగలు కూడా బెల్టుకి తగిలించుకుని తిరుగుతాడు. ఎందుకని అడుగుతూనే ఇచ్చాడు. ప్రశ్నమ్మ దాని వెనక మూత తిప్పి, ఒక సెల్ తీసి, అమ్మాయి చేతిలో పెట్టింది. అమ్మాయికి ఇక చెప్పాల్సిన పని లేకపోయింది. యాంప్లిఫైయర్ ఆపి, స్పీకర్ల వైర్లు ఊడదీసి, రెండు తీగ ముక్కలతో సెల్‌ని కుడి స్పీకర్ వెనక తాకించింది. అడుగునున్న పెద్ద కోన్ టక్కున ముందుకి ఉబికింది. ఎడమ స్పీకర్‌కి అలాగే తాకించింది. పెద్ద కోన్ టక్కున లోపలికి పోయింది. పైనున్న రెండు చిన్న కోన్లకీ ఏమీ కాలేదని, వాటి వైర్లు ఎవరూ ముట్టుకోలేదని ఆమె వివరించింది. తారుమారైంది ఎడమ పెట్టెలో బేస్ కోన్ ఒక్కటే.

"నీ చెవులకి పరీక్ష అయిపోయిందమ్మా," అంది ప్రశ్నమ్మ. "పాసయ్యావు."

అమ్మాయి సెల్‌ని గుప్పిట్లో పెట్టుకుని మొహం తిప్పుకుంది. తండ్రి వచ్చి ఆమె తల మీద చెయ్యి వేసి, తీయడం మర్చిపోయాడు.

ప్రశ్నమ్మ అప్పటికే ఎడమ స్పీకర్ ముందు మోకాళ్ళ మీద ఉంది. పెద్ద కోన్ చుట్టూ ఎనిమిది స్క్రూలు. కుడి స్పీకర్ స్క్రూల గాడుల్లో ఏళ్ళ దుమ్ము నల్లగా పేరుకుని ఉంది. ఎడమ వాటిలో దుమ్ము లేదు. ఇనుము తళతళలాడుతోంది. కొన్నప్పటి నుంచీ వాటిని విప్పలేదని తండ్రి చెప్పాడు. మైకు పోయిన రోజు గదిలోకి ఎవరొచ్చారని ఆమె అడిగింది. అడిగి, కాసేపాగి, ఇంకోలా అడిగింది. మూడోసారి అడిగేసరికి అమ్మాయికి గుర్తొచ్చింది. స్పీకర్ల సేల్స్‌మన్ వచ్చాడు. పాతవాటిని కొలవాలన్నాడు. తనకి ముక్కు దిబ్బడ వేసి, ఆవిరి పట్టుకోవడానికి మేడ మీదికి వెళ్ళింది. తాళంచెవి? అది ఎప్పుడూ ఈ బల్ల సొరుగులోనే ఉంటుంది.

"ఇంకేం," అన్నాడు బావ, స్క్రూడ్రైవర్ కోసం జేబులు తడుముకుంటూ. "విప్పేద్దాం."

ప్రశ్నమ్మ ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది.

"విప్పితే లోపల ఏదో ఒకటి ఉంటుంది. అప్పుడు మీ రిపోర్టులో ఏం రాస్తారు?"

బావ నిజాయితీ ఉన్న మనిషి. ఒక్క క్షణం ఆలోచించాడు. "దాచింది ఈ అమ్మాయే అని రాస్తాను. తాళంచెవి ఈమెది, గది ఈమెది, స్పీకర్ ఈమెది. మరెలా రాయమంటావు?"

"అందుకే విప్పొద్దు. ఆ పెట్టె ఎవరికి కావాలో వాళ్ళనే చెప్పనిద్దాం."

"ఎవరైనా తనంతట తాను చెప్తాడా? నా చెవిలో పువ్వులు పెట్టకు మరదలా."

"మీ చెవులకి చోటెక్కడుంది బావా, పెన్సిల్ ఉందిగా," అంది ఆమె. ఆయన చెయ్యి తనకి తెలియకుండానే చెవి దగ్గరికి వెళ్ళింది. పెన్సిల్ నిజంగానే అక్కడ ఉంది.

నడవాలో అట్టపెట్టెల చప్పుడైంది. ప్రశ్నమ్మ వేలు పెదవుల మీద పెట్టుకుంది. అమ్మాయి గబగబా వైర్లు ఎప్పటిలా తగిలించేసింది.

వచ్చిన సేల్స్‌మన్‌ని ఆ వ్యాపారంలో అందరూ డెమో అంటారు. ఏం మాట్లాడినా అందులో ఒక డెమో ఉంటుంది. నలగని చొక్కా, నలగని నవ్వు. తాళాల గుత్తికి చిన్న స్క్రూడ్రైవర్ వేలాడుతోంది. ప్రశ్నమ్మ చూపు దాని మీద వాలి, ఎగిరిపోయింది.

పాతవి రెండూ స్టాండ్ల పక్కకి దిగాయి, కొత్తవి మూడు జతలూ వరసగా స్టాండ్లెక్కాయి. ఇప్పుడు ఆ కుర్చీలో కూర్చున్న అమ్మాయి ఇందాకటి అమ్మాయి కాదు. చెవుల మీద నమ్మకం తిరిగొచ్చిన మనిషి. పేర్లు చెప్పొద్దంది. కళ్ళు మూసుకుంది. తను చిన్నప్పటి నుంచీ వింటున్న ఒకే పాట మూడింటిలోనూ పెట్టమంది. మూడింటి మోతా సమానం చేయించింది. గట్టిగా పలికేది మంచిదని చెవి ఊరికే మోసపోతుందట.

మొదటి జత చిన్నది, కోన్ అరచేతి కన్నా కాస్త పెద్దది. "గొంతు బంగారం. కాళ్ళు లేవు," అంది. మూడో జతకి విడిగా బేస్ పెట్టె ఉంది. అది మొదలుపెట్టగానే బావ కాఫీ కప్పు బల్ల మీద నడక సాగించింది. తండ్రి మురిసిపోయి ఇదే కావాలన్నాడు. అమ్మాయి ఒప్పుకోలేదు. అన్ని మీట్లూ ఒకేలా మూలుగుతున్నాయంది, మనం వింటున్నది స్పీకర్‌ని కాదు, ఈ గదిని అంది. ఇంత చిన్న గదికి అంత పెట్టె పనికిరాదు.

మధ్య జత కోన్ జానెడు. మొదట అదీ మూలిగింది. దాని వెనక గాలి వదిలే రంధ్రం ఉంది, గోడకి ఆనించి పెట్టారేమో చూడమంది, కళ్ళు తెరవకుండానే. డెమో నాలుక్కరుచుకుని ముందుకి జరిపాడు. ఇంకొంచెం అంది. జరిపాడు. అప్పుడు బేస్ గిటార్ ఒక్కో మెట్టూ దిగుతూ వచ్చి, అట్టడుగు మెట్టు మీద కూడా తడబడకుండా నిలబడింది. ఏ మీటు ఏదో తెలుస్తోంది. ప్రశ్నమ్మకి కూడా తెలిసింది. ఆ అమ్మాయి పెదవుల చివర పుట్టిన నవ్వు మెల్లగా మొహమంతా పాకింది.

"ఇవి," అంది.

డెమో చప్పట్లు కొట్టాడు. కొట్టి, పాతవాటి సంగతి ఎత్తాడు. పాత జతకి బదులుగా కొత్తవాటి ధరలో సగం తగ్గిస్తాడట. వ్యాన్ కిందే ఉంది, ఇప్పుడే దింపుకుని పోతానన్నాడు. తండ్రి ఆ మాటకి కరిగి నీరైపోయాడు. బేస్ చచ్చిన స్పీకర్లకి అంత విలువ ఎవరిస్తారు?

ప్రశ్నమ్మ కూడా సరిగ్గా అదే అనుకుంటోంది. వెళ్ళి ఎడమ స్పీకర్ మీద చెయ్యి వేసింది.

"ఒక్క చిన్న కోరిక బాబూ. దీన్ని నాకు వదిలెయ్యి. మా వరండాలో పూలకుండీ పెట్టుకోవడానికి ఎత్తు సరిగ్గా సరిపోతుంది."

"అయ్యో మేడం, జత విడదీస్తే విలువుండదు. రెండూ ఉంటేనే కంపెనీ తీసుకుంటుంది. రూలు. నా చేతుల్లో ఏం లేదు."

"రూలైతే ఏం చేస్తాం," అని ఆమె నిట్టూర్చి, నాలుగడుగులు వేసి కుడి స్పీకర్ దగ్గర ఆగింది. "నిజం చెప్పాలంటే నాకు ఇదే నచ్చింది. రంగు కాస్త వెలిసింది, మా కుండీకి జోడుగా ఉంటుంది. పోనీ, ఇదైనా ఇప్పించకూడదూ?"

డెమో ఎడమదాని వంక చూశాడు. కుడిదాని వంక చూశాడు. గడియారం చూసుకున్నాడు.

"సరే మేడం, మీరింత ముచ్చటపడుతున్నారు. అది మీరుంచేసుకోండి. ఇదొక్కటి నేను పట్టుకెళ్తాను."

"మరి రూలు?"

"మీ కోసం మేడం."

"సగం అన్నావు. ఒక్కటే తీసుకుంటే పావే తగ్గిస్తావేమో."

"అదేం లేదు మేడం. సగమంటే సగమే. మాటంటే మాటే."

 బావ నోరు తెరిచాడు. మూయడం ఆయన వల్ల కాలేదు.

"విన్నారా బావా," అంది ప్రశ్నమ్మ తీరిగ్గా. "ఎడమది లేకపోతే రూలు ఒప్పుకోదు. కుడిది లేకపోతే ఒప్పుకుంటుంది, ధర కూడా తగ్గదు. ఎడమ స్పీకరే ఎందుకు?"

డెమో మొహం మీది నవ్వు మొదటిసారి నలిగింది. అతను తలుపు వైపు చూశాడు. అప్పటికే బావ లేచి తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. ఆయన తప్పు దారిలో వెళ్ళడం త్వరగానే వెళ్తాడు, తిరిగి రావడం కూడా అంత త్వరగానే వస్తాడు. అది ఆయనలో ప్రశ్నమ్మకి నచ్చిన గుణం. పైకి చెప్పేది కాదు.

స్క్రూలు డెమో చేతే, అతని స్క్రూడ్రైవర్‌తోనే విప్పించారు. ఎనిమిదీ ఊడాక పెద్ద కోన్‌ని అమ్మాయి రెండు చేతుల్తో బయటికి తీసింది. దాని వెనక తీగలు రెండూ తారుమారుగా ఉన్నాయి. లోపల దూది పొరల మధ్య, మెత్తటి గుడ్డలో చుట్టి, తాతగారి మైకు.

డెమో బల్ల అంచు మీద కూలబడి, అడక్కుండానే అంతా చెప్పేశాడు. మైకు తీయడం సులువైంది కానీ, గేటు దాటించడం కుదర్లేదు. స్పీకర్లో పెట్టాడు. ఆ స్పీకర్‌ని దర్జాగా గేటు దాటించాలంటే వాళ్ళే దాన్ని వద్దనుకోవాలి. అందుకే బేస్ తీగలు తిప్పాడు. బేస్ పోతే స్పీకర్లు మారుస్తారు. మారిస్తే పిలిచేది తననే. "జలుబు చేసి ఉండకపోతే ఆవిడ రెండో రోజే పట్టేసేది సార్," అన్నాడు, ఆ అమ్మాయి చెవుల మీద గౌరవంతో. అతన్ని నడవాలో కాపలావాడికి అప్పగించి, పోలీసులకి ఫోన్ చేసి వచ్చాడు బావ.

వచ్చి, మరదలి ఎదుట నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"రిపోర్టు మార్చాలి."

"మార్చండి."

"నీ పేరు రాయను."

"రాయొద్దు. మా అక్కకి నేనే చెప్తాను."

ఆయన దానికంటే రాయడమే నయమన్నాడు. అందరూ నవ్వారు. తండ్రి మైకుని తుడిచిందే తుడుస్తున్నాడు. అమ్మాయి మాత్రం ఆగలేదు. తీగలు సరిచేసి, కోన్ బిగించి, పాతవాటినే స్టాండ్లెక్కించింది. కొత్త జత కోసం ఇంకొకరు ఎవరైనా అమ్ముతారు, ఈ రాత్రికి ఇవి చాలంది. కుర్చీని టేపు మధ్యలోకి లాక్కుని, రేపటి పాట పెట్టింది.

బేస్ వచ్చి ఆమె గుండెల మీద వాలింది. రెండు వారాలుగా గుడ్డిగా పెంచుకుంటూ పోయిన మోతంతా ఇప్పుడు ఆమెకే వినపడి చెవులు మూసుకుంది, నవ్వుతూనే. తగ్గించింది. ఇంకా తగ్గించింది. పాట తేలికపడి రెక్కలు విప్పుకుంది. బావ పాదం తాళం వేయడం మొదలుపెట్టింది. రేపు నిర్మాత ఏమంటాడో అక్కడున్న అందరికీ తెలిసిపోయింది.

చరణానికి ముందు వాద్యాలన్నీ ఆగి, గాయని ఊపిరి తీసుకునే చోటొకటి ఉంది. అక్కడ అమ్మాయి చెయ్యి ఆగింది. వెనక్కి తిప్పింది. మళ్ళీ విన్నది. వాద్యాల ట్రాకులన్నీ ఒక్కొక్కటీ ఆపేసి, గొంతు ట్రాకు ఒక్కటే ఉంచింది.

"ఇది పాటలోది కాదు."

మిగతావాళ్ళకి ఏమీ వినపడలేదు. ఆమె మోత పెంచింది. అప్పుడు వినపడింది. చాలా కింద, వినడం కన్నా తాకడంలా. దుబ్. కాస్త ఆగి, దుబ్. కాస్త ఆగి, దుబ్.

ఎవరో నేలని తన్నుతున్నారేమో అన్నాడు బావ. పాడేటప్పుడు ఆ గదిలో గాయని ఒక్కతే ఉంటుందని, ఆవిడ చెప్పులు కూడా విప్పి పాడుతుందని అమ్మాయి చెప్పింది. పాత రోజుల ట్రాకులు తెరిచింది. పోయిన వారానివి. అన్నింట్లోనూ ఉంది. మొదట్లో అందీ అందనట్టు. నిన్నటి దాంట్లో స్పష్టంగా. అది రోజురోజుకీ దగ్గరకొస్తోంది. బేస్ లేని ఈ గదిలో ఇన్నాళ్ళూ ఎవరికీ తెలియలేదు.

"ఆ గదిలో ఇప్పుడు మైకు ఉందా?" అడిగింది ప్రశ్నమ్మ.

అద్దం అవతల ఖాళీ గదిలో మైకు స్టాండ్ ఒంటరిగా నిలబడి ఉంది. అమ్మాయి ఇక్కడి నుంచే ఆ మైకు ఆన్ చేసింది. స్పీకర్ల పెద్ద కోన్లు రెండూ, ఇప్పుడు ఒకే వైపుకి, కలిసి కదిలాయి.

దుబ్. దుబ్.

"ఈ క్షణం జరుగుతోంది," అంది అమ్మాయి. ఆ గొంతులో భయం ఉంది కానీ, అనుమానం ఇసుమంత లేదు.

ప్రశ్నమ్మ అద్దం పక్కనున్న తలుపు తోసుకుని పాడే గదిలోకి వెళ్ళింది. మధ్యలో నిలబడి, మడమతో నేల మీద గట్టిగా మూడుసార్లు కొట్టింది. అద్దం అవతల ముగ్గురూ స్పీకర్ల మీదికి వంగారు.

చప్పుడు ఆగిపోయింది.

తండ్రి గొంతు గోడ స్పీకర్లోంచి వచ్చింది. "అమ్మా, ఆ గది కింద ఏమీ లేదు. ఇల్లు కట్టించింది మా నాన్నే. కింద వట్టి మట్టి."

ఆ మట్టిలోంచి జవాబు వచ్చింది. ఒకటి, రెండు, మూడు. మళ్ళీ వెంటనే, ఎవరో ఇక ఆగలేనట్టు, తొందర తొందరగా ఇంకో మూడు. వాటికి మైకులూ స్పీకర్లూ అక్కర్లేకపోయాయి. ప్రశ్నమ్మ అరికాళ్ళకే తెలిశాయి.